చతురంగ సంకలితం – బెళుగుప్ప కళ్లం: పావులూరి మల్లన సంఖ్యాపద్య పరిశీలన

తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు తొలి ఉదాహరణలలో ఒకటిగా పావులూరి మల్లన 'గణితసారసంగ్రహము'ను పేర్కొనడం పరిపాటి. మల్లన కాలం విషయంలో పండితుల మధ్య చర్చ ఉన్నప్పటికీ, 11వ శతాబ్ది వాడని, రాజరాజ నరేంద్రుని కాలానికి సన్నిహితుడని చెప్పేది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. దీనికి మూలం క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహం'. జైన వాతావరణంలో పుట్టిన మూలాన్ని మల్లన శైవ వాతావరణానికి మార్చుకున్న తీరు విమర్శకుల దృష్టికి వచ్చింది. అయితే గ్రంథంలోని పద్యాలను పద్యాలుగా పరిశీలించిన సందర్భాలు తక్కువ. విషయం గణితం కనుక కవిత్వ విచారణకు అందులో చోటు లేదన్న భావన ఇందుకు ప్రధాన కారణం.

ఈ భావనను పరీక్షించడానికి చతురంగ గేహాల సంకలితాన్ని తెలిపే చంపకమాల పద్యం తగిన ఆధారం. చదరంగపు అరవై నాలుగు గళ్లలో మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు చొప్పున రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని మల్లన ఇరవై అంకెలలో, భూతసంఖ్యలతో చెప్పాడు. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఈ పద్యంలో ఛందస్సు, గణితం ఒకదానికొకటి కాపలాగా ఉన్నాయని, ఆ కారణంగా పాఠనిర్ణయానికి ఇతర ప్రాచీన పద్యాలలో దొరకని నిశ్చయం ఇక్కడ దొరుకుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంఖ్యను ముందుగా రాతప్రతిలోని పాఠంగాను, తరువాత అనంతపురం జిల్లా బెళుగుప్ప వంటి మెట్టసీమలోని ధాన్యరాశిగాను పరిశీలించడం జరుగుతుంది. గింజ లెక్క ఎక్కడ నిజమైన లెక్కో అక్కడ నిలబెట్టి చూసినప్పుడే ఇంత పెద్ద సంఖ్యకు అర్థం తేలుతుంది.

సంఖ్యా స్వరూపం

చతురంగ సంకలితం 2⁶⁴ − 1. రెట్టింపు శ్రేఢిలో ఏ గడిలోని రాశి అయినా అంతకు ముందున్న గళ్లన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. అందువల్ల అరవై నాలుగు గళ్ల మొత్తం, లేని అరవై ఐదో గడిలో ఉండవలసిన రాశి కంటే ఒకటి తక్కువ. ఈ సంఖ్యను సాధించడానికి అరవై నాలుగు సార్లు రెట్టించవలసిన పని లేదు. 64 ను వరుసగా సగం చేస్తే 32, 16, 8, 4, 2, 1 అని ఆరు మెట్లలో ఒకటికి చేరుతుంది. అదే విధంగా 2 ను ఆరు సార్లు వర్గం చేస్తే 4, 16, 256, 65,536, 4,29,49,67,296 మీదుగా 2⁶⁴ వస్తుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ కూడా చదరంగపు లెక్కను వర్గాల మీదుగానే సాధించాడు.

సగం చేయడం, వర్గించడం అన్న ఈ పద్ధతి భారతీయ సంప్రదాయంలో మొదట కనిపించేది గణితగ్రంథంలో కాదు, ఛందోగ్రంథంలో. నిర్ణీత అక్షరాలు గల పాదానికి ఎన్ని వృత్తాలు సాధ్యమో తెలుసుకోవడానికి పింగళుడు తన ఛందశ్శాస్త్రంలో దీన్ని సూత్రించాడు. అక్షరం గురువు కావచ్చు, లఘువు కావచ్చు. కనుక ఒక్కొక్క అక్షరం చేరినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఒకటి నుంచి ఇరవై ఆరు అక్షరాల వరకు గల సమవృత్తాల మొత్తం 13,42,17,726 అని తెలుగు లాక్షణికులు చెప్పే లెక్క ఇటువంటి సంకలితమే. మహావీరాచార్యుడు గుణోత్తర శ్రేఢి ఫలానికి చెప్పిన విధానం కూడా ఈ మార్గంలోనిదే. కనుక చతురంగ సంకలితం ఛందస్సుకు పరాయి సంఖ్య కాదు. మల్లన ఎన్నుకున్న చంపకమాల ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలోని 20,97,152 వృత్తాలలో 7,11,600వది. రెట్టింపు వల్ల పుట్టిన వృత్తంలో రెట్టింపు వల్ల పుట్టిన సంఖ్యను చెప్పడం ఇక్కడ జరిగింది.

సంఖ్యకు మరికొన్ని ధర్మాలు ఉన్నాయి. గళ్ల సంఖ్య ఆరుసార్లు సగమయ్యేది కావడం వల్ల, మొత్తం కూడా 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల గుణకారంగా విడిపోతుంది. వీటిలో ప్రతి ఒక్కటి పైన చెప్పిన వర్గాల మెట్లకు ఒకటి కలిపితే వచ్చేదే. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫెర్మా భావించాడు. ఆరోది 641, 67,00,417 ల గుణకారమని 1732లో ఆయిలర్ చూపి ఆ భావనను తోసిపుచ్చాడు. మల్లనకు ఈ విచారణతో పని లేదు. అయినా ఆయన చంపకమాలలో బంధించిన సంఖ్య ఆరు శతాబ్దాల తరువాత ఐరోపాలో జరిగిన ఒక ప్రసిద్ధ చర్చకు కావలసిన అంకెలన్నిటినీ తనలో ఇముడ్చుకొని ఉంది. ఇంకొక విశేషం కేవలం రూపానికి సంబంధించినది: రెండుతో రెట్టించగా వచ్చిన ఈ ఇరవై అంకెలలో 'రెండు' ఒక్కసారి కూడా లేదు. అందువల్లనే నేత్ర, కర, పక్ష మొదలైన సుపరిచిత భూతసంఖ్యలు పద్యంలో కనిపించవు.

పదాల ఎంపిక

భూతసంఖ్యా పద్ధతిలో అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. ఒకట్ల స్థానం ముందు, అత్యున్నత స్థానం చివర వస్తాయి. ఇరవై స్థానాలకు మల్లన వాడిన పదాలను అంకెల వారీగా వర్గీకరిస్తే ఆయన పద్ధతి తెలుస్తుంది. నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తుంది. దానికి అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అన్న నాలుగు వేర్వేరు పదాలు వాడాడు. మూడుసార్లు వచ్చే ఒకటికి శశి, చంద్ర, తుహినాంశు పదాలు. మూడుసార్లు వచ్చే ఏడుకు నగ, భూధర, గిరి పదాలు. శూన్యానికి వియత్తు, గగనం. ఆరుకు తర్క, షట్క. ఒక్కొక్కసారే వచ్చే మూడు, ఎనిమిది, తొమ్మిదులకు వరుసగా అగ్ని, కుంజర, రంధ్ర. ఇరవై స్థానాలలో మరల వచ్చిన పదం ఒక్కటే: ఐదును తెలిపే 'శర'. అదే అంకెకు మూడోచోట 'సాయక' వాడాడు. వస్తువు పేరుతో గాక నేరుగా సంఖ్యను చెప్పే పదం కూడా ఒక్కటే, 'షట్క'.

'శర' మరల రావడం పదదారిద్ర్యం కాదు. రెండోసారి ఆ స్థానంలో రెండు లఘువుల పదం కావాలి. 'ఇషు' గణానికి సరిపోతుంది. కాని దానికి ముందున్న 'చంద్ర' శబ్దంతో గుణసంధి జరిగి అక్షరం లోపిస్తుంది. 'బాణ' గురువుతో మొదలవుతుంది. కనుక హల్లుతో మొదలై రెండు లఘువులున్న 'శర' తప్పలేదు.

యతిప్రాసల నిర్వహణలో ఈ బిగువు మరింత స్పష్టం. సంఖ్య రెండు పాదాలను నింపి మూడో పాదంలోకి ప్రవేశిస్తుంది. ప్రాసాక్షరం రేఫ. మొదటి పాదంలో దానిని 'శర' ఇస్తుంది. మొదటి పాదం చివర 'భూధర' అన్న పదం విరిగి, 'భూ' పాదాంత గురువుగా నిలిచి, 'ధర' రెండో పాదాన్ని ఆరంభిస్తుంది. రెండో పాదం చివర 'కుంజర' అదే విధంగా విరిగి 'జర' మూడో పాదానికి ప్రాసను సమకూరుస్తుంది. అంటే ఆ రెండుచోట్ల కవికి కావలసినది ఏడును, ఎనిమిదిని తెలిపే ఏదో ఒక పదం కాదు. రేఫతో ముగిసే భగణ పదం. ఎనిమిదికి గజ, కరి, వసు, దంతి మొదలైనవి ఉన్నా అవి ఈ పని చేయలేవు. యతి కూడా సంఖ్యాపదాల మీదనే నిలిచింది. మొదటి పాదంలో 'శర'లోని శకారానికి పదకొండో అక్షరంగా 'సాయక'లోని సాకారం, రెండో పాదంలో ధకారానికి 'తర్క'లోని తకారం యతి మైత్రి కూర్చాయి. పాదపూరణం కోసం ఒక్క వ్యర్థపదమైనా చేర్చకుండా, అంకెల వరుసను అంగుళం కదపకుండా, యతిప్రాసల భారమంతా అంకెల పేర్ల మీదనే మోపడం ఇక్కడి నేర్పు. కావ్యకవి భావాన్ని కొంత సడలించి యతిని సాధించగలడు. ఈ పద్యంలో సడలించడానికి భావం లేదు, స్థిరమైన సంఖ్య ఉంది.

పాఠనిర్ణయం: రెండు తాళాలు

ప్రాచీన పద్యాల పరిష్కరణలో పాఠాంతరాలు ఎదురైనప్పుడు పరిష్కర్తకు ఛందస్సు, వ్యాకరణం, ప్రతుల ప్రామాణ్యం, ఔచిత్యం ఆధారాలు. వీటిలో చివరిది పరిష్కర్త అభిరుచికి లోబడినది. సంఖ్యాపద్యంలో ఔచిత్యం స్థానాన్ని గణితం ఆక్రమిస్తుంది. పద్యం బయట, ఏ ప్రతితోనూ నిమిత్తం లేకుండా, సరైన సంఖ్య ఏదో తెలుసుకోవచ్చు. లేఖక దోషాలను నాలుగు రకాలుగా ఊహించి ఈ విషయాన్ని పరీక్షించవచ్చు.

మొదటిది ఛందస్సు పట్టుకునే దోషం. వియత్ శబ్దం, నగ శబ్దం అనునాసిక సంధితో కలిసి 'వియన్నగ' అవుతాయి. ఇక్కడ లేఖకుడు 'నగ'ను 'నాగ'గా రాస్తే ఏడు ఎనిమిది అవుతుంది. ఆ అంకె పదికోట్ల స్థానంలోది. కనుక ఒక్క దీర్ఘం వల్ల పది కోట్ల తేడా వస్తుంది. కాని లఘువు గురువైన వెంటనే గణం చెడుతుంది. లెక్క తెలియని పాఠకుడైనా చెవితోనే దోషాన్ని గుర్తిస్తాడు.

రెండోది ఛందస్సుకు చిక్కని దోషం. 'గిరి' అన్న చోట 'కరి' అని రాస్తే రెండూ లఘుద్వయమే. యతిప్రాసలకు ఏ భంగమూ లేదు. ఏడు మాత్రం ఎనిమిది అవుతుంది. స్థానాన్ని బట్టి ఇది ఒక కోటి కోట్ల తేడా. దీనిని పట్టుకోవడానికి మొత్తం లెక్కను మళ్లీ చేయనక్కర లేదు. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే 2, 4, 8, 7, 5, 1 అనే శేషాలు ఆరేసి చొప్పున తిరుగుతాయి. 64వ ఘాతానికి శేషం 7. ఒకటి తీసివేస్తే 6. పద్యంలోని ఇరవై అంకెలను కూడితే 87. దానిని తొమ్మిదితో భాగిస్తే శేషం 6. 'కరి' పాఠంలో మొత్తం 88, శేషం 7. పాఠం చెల్లదు.

మూడోది అంకెల తారుమారు. పక్కపక్కనున్న రెండు భిన్న అంకెలు స్థానాలు మార్చుకుంటే కూడిక మారదు కనుక తొమ్మిది పరీక్ష పనిచేయదు. అప్పుడు ఒకట్ల స్థానం నుంచి అంకెలను ఒకటి విడిచి ఒకటి కలుపుతూ, తీసివేస్తూ పోవాలి. సరైన పాఠంలో ఫలం 37. పదకొండుతో భాగిస్తే శేషం 4. రెండు ఘాతాల శేషాలు పదకొండుతో పదేసి చొప్పున తిరుగుతాయి. 64వ ఘాతానికి శేషం 5, ఒకటి తీసివేస్తే 4. రెండూ సరిపోయాయి.

నాలుగోది రెండు తాళాలనూ దాటే పాఠాంతరం. 'శశి' బదులు 'విధు' అన్నా గణం, యతి, ప్రాస, సంఖ్య అన్నీ నిలుస్తాయి. ఇక్కడ మాత్రమే పరిష్కర్త తాళపత్ర ప్రతుల సాక్ష్యాన్ని ఆశ్రయించాలి. అయితే అటువంటి పాఠాంతరం వల్ల పద్యార్థానికి హాని లేదు. అర్థాన్ని చెరిపే ఏక దోషాలు పట్టుబడతాయి. పట్టుబడని పర్యాయ భేదాలు అర్థాన్ని చెరపవు. పాఠనిర్ణయ శాస్త్రం ఆశించే ఆదర్శ స్థితికి ఇంత దగ్గరగా వచ్చే ప్రాచీన పద్యాలు తెలుగులో అరుదు. ముఖపాఠంగాను, చేతిరాతగాను ప్రయాణించవలసిన సంఖ్యను అంకెలలో గాక వృత్తంలో ఎందుకు భద్రపరిచారన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇదే. అంకెలలో ఒకటి జారితే చెవికి తెలియదు. వృత్తంలో అక్షరం జారితే తెలుస్తుంది.

కళ్లంలో సంఖ్య

పద్యం గేహాలను, రెట్టింపును, సంకలితాన్ని పేర్కొంటుందే తప్ప గింజలను పేర్కొనదు. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును గింజలు కోరిన కథ జనశ్రుతిలోనిది. శాస్త్రకారుడిగా మల్లన సంఖ్యను పదార్థం నుంచి విడదీశాడు. పాఠకుడు దానిని మళ్లీ పదార్థంతో కలుపుకొని చదువుతాడు. ఆ కలయిక ఏ నేల మీద జరుగుతుందన్నదాన్ని బట్టి సంఖ్య స్వభావం మారుతుంది.

బెళుగుప్ప అనంతపురం జిల్లాలోని మండల కేంద్రం. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఇది ఒకటి. కొర్ర, సజ్జ, జొన్న పండిన మెట్టభూములను గత శతాబ్దంలో వర్షాధారపు వేరుశనగ ఆక్రమించింది. ఇటువంటి చోట రెట్టింపు అన్నది ఊహాగణితం కాదు. దాచిన విత్తనం ఎన్నింతలవుతుందన్నది ప్రతి ముంగారుకూ ఎదురయ్యే ప్రశ్న. వేరుశనగ విత్తన వృద్ధి నిష్పత్తిని వ్యవసాయ శాస్త్రం సుమారు ఒకటికి ఎనిమిదిగా లెక్కిస్తుంది. ఎనిమిది అంటే మూడు రెట్టింపులు. ఆ లెక్కన ఒక్క గింజతో మొదలుపెట్టి, పండిన ప్రతి గింజనూ తినకుండా, అమ్మకుండా మళ్లీ విత్తితే ఇరవై ఒక్క పంటలలో అరవై నాలుగో గడిలోని రాశి చేతికి వస్తుంది. కాగితం మీద అది ఇరవై ఒక్క ఏళ్ల పని. మధ్యలో ఒక్క ఏడు వాన తప్పితే వరుస తెగుతుంది. కరవు ఏట విత్తనమే తిండి అవుతుంది, లేదా పొలంలోనే మాడిపోతుంది. ఇరవై ఒక్క ఏళ్లు వరుసగా అదను తప్పకుండా వాన కురవడం ఈ సీమ ఎరుగని విషయం. కథలోని రాజు తన గాదెలు చాలవని ఓడిపోయాడు. బెళుగుప్ప నేలలో ఆ సంఖ్య గాదె దాకా రాకుండా మొదటి గళ్లలోనే ఆగిపోతుంది.

సంఖ్య పరిమాణాన్ని ఈ నేల పంటతోనే కొలవవచ్చు. వెయ్యి కొర్రగింజలు సుమారు మూడు గ్రాములు తూగుతాయనుకుంటే చతురంగ సంకలితం దాదాపు 5,500 కోట్ల టన్నులు. భారతదేశపు వార్షిక ఆహారధాన్య ఉత్పత్తి 2023-24లో సుమారు 33 కోట్ల టన్నులు; అంటే నూట అరవై ఏళ్లకు పైబడిన పంట. ఘనమీటరుకు ముప్పావు టన్ను చొప్పున పది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో ఈ కొర్రలను పరిస్తే ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తు లేస్తుంది. ఏడు అంకెకు మల్లన మూడుసార్లూ పర్వతవాచకాలనే వాడాడు. అవి కులపర్వతాలు ఏడు అన్న సంకేతం వల్ల వచ్చినవే గాని రాశి వర్ణన కోసం వచ్చినవి కావు. అయినా ధాన్యంగా ఊహించిన పాఠకుడికి నగం, భూధరం, గిరి అన్న మాటలు ఆ కొండంత రాశిని స్ఫురింపజేయకపోవు. సంకేతం ఇక్కడ అప్రయత్నంగా ధ్వనిగా మారుతుంది.

సంఖ్యను మరో పేరుతో పిలవడం పండితుల సొత్తు మాత్రమే కాదని కూడా కళ్లం గుర్తుచేస్తుంది. తెలుగు కళ్లాలలో రాశిని కొలిచేటప్పుడు 'ఒకటి' అనక 'లాభం' అని మొదలుపెట్టడం, ఏడుపును స్ఫురింపజేసే 'ఏడు'ను తప్పించి 'ఆరున్నొకటి' అనడం ప్రసిద్ధమైన ఆచారాలు. భూతసంఖ్య ఛందస్సు కోసం పేరు మారుస్తుంది. కళ్లపు లెక్క శుభం కోసం పేరు మారుస్తుంది. రెండింటిలోనూ పేరు మారినా విలువ మారకూడదన్న నియమం ఒక్కటే. రైతు 'లాభం' అన్నచోట ఒక కొలత పడవలసిందే. మల్లన 'శశి' అన్నచోట ఒకటి ఉండవలసిందే.

రెట్టింపుకు ఇంకొక ముఖం అప్పు. ధాన్యం అప్పు ఇచ్చి ధాన్యంగానే వడ్డీ తీసుకునే పద్ధతికి తెలుగులో 'నాగు' అన్న పేరు ఉంది. విత్తనం పెరగడానికి వాన కావాలి. వడ్డీ పెరగడానికి వానతో పని లేదు. చతురంగ సంకలితాన్ని సమృద్ధికి ప్రతీకగా చెప్పడం అలవాటు. మెట్టసీమలో చదివినప్పుడు అది అప్పు స్వభావాన్ని తెలిపే సంఖ్యగా కూడా నిలుస్తుంది. గణితసారసంగ్రహం వంటి గ్రంథాలు వడ్డీ లెక్కలకు విస్తృతంగా చోటివ్వడం ఈ సందర్భంలో గమనార్హం. లెక్క తెలియక మాట ఇచ్చిన రాజు కథ వినోదం. లెక్క తెలియక వేలిముద్ర వేసిన రైతు కథ చరిత్ర.

ముగింపు

చతురంగ సంకలిత పద్యాన్ని గణితం పద్యరూపం ధరించిన విచిత్రంగా చూడడం వల్ల దానిలోని రెండు విలువలు మరుగున పడ్డాయి. మొదటిది సాహిత్య విలువ. వర్ణన, రసం, అలంకారం అనే ఆధారాలేవీ లేకుండా, ముందే నిర్ణీతమైన ఇరవై అంకెలను యతిప్రాసలు తప్పకుండా నడిపించిన శబ్దాధికారం ఇందులో ఉంది. దానిని కొలవడానికి కావ్యవిమర్శ కొలమానాలతో పాటు పర్యాయపదాల, గణాల, సంధుల సూక్ష్మ పరిశీలన కావాలి. రెండోది పద్ధతికి సంబంధించిన విలువ. పాఠపరిష్కరణ బోధించే తరగతిలో ఈ పద్యం కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. ఏ దోషాన్ని ఛందస్సు పట్టుకుంటుంది, ఏ దోషాన్ని అర్థం పట్టుకుంటుంది, ప్రతుల అవసరం ఎక్కడ మొదలవుతుంది అన్న మూడు ప్రశ్నలను ఇది విడివిడిగా చూపగలదు. మల్లన గ్రంథంలోని తక్కిన సంఖ్యాపద్యాలను కూడా తొమ్మిది, పదకొండు పరీక్షలకు గురిచేసి, ప్రతుల మధ్య భేదాలను ఆ దృష్టితో పట్టికీకరించడం ముందు జరగవలసిన పని.

శాస్త్రపద్యం సాహిత్య చరిత్రలో స్థానం కోసం కావ్యపద్యాన్ని అనుకరించనక్కర లేదు. సరిగ్గా చెప్పడమే దాని గుణం. బెళుగుప్ప కళ్లంలో కొలిచే మనిషి నోటి నుంచి వచ్చే ప్రతి మాటకూ ఒక కొలత నిజంగా రాశిలోంచి లేస్తుంది. మల్లన పద్యంలోని ఇరవై పదాలకు విమర్శకుడు ఇవ్వవలసిన గౌరవం కూడా అంతే: ఒక్కొక్క మాటనూ కొలిచి చూడడం.